తామర అనుకున్న ఆరేళ్లు

2016 ఆగస్టు. కృష్ణా పుష్కరాలు. పున్నమి ఘాట్‌లో మూడు మునకలేసి ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటుంటే మా బావమరిది వెనక నుంచి అడిగాడు, "బావా, నడుం మీద ఏంటా మచ్చ?" అని. మొలతాడుకి కాస్త కింద, కుడిపక్క. నా కంటికి అందని చోటు. ఇంటికొచ్చాక మా ఆవిడ చేతి అద్దం పట్టుకుని చూపించింది. అరచేతిలో సగమంత ఉంది. లేత ఎరుపు, పైన సన్నటి పొట్టు. దురద కూడా పెద్దగా లేదు. "తామర" అనేశాను. ఆవిడ అద్దం దించను కూడా లేదు.

అనే హక్కు నాకుందనే అనుకున్నాను. 1993 నుంచి సూర్యారావుపేటలో మెడికల్ షాపు నడుపుతున్నాను. డి.ఫార్మసీ చదివాను, లైసెన్సు నా పేరు మీదే గోడకి వేలాడుతోంది. మా వీధిలో కిరాణా కొట్ల కంటే డాక్టర్ల బోర్డులు ఎక్కువ. రోజుకి పదిమందికి తక్కువ కాకుండా తామర చూస్తాను. కార్పొరేట్ కాలేజీ హాస్టలు పిల్లలు, ఆటోనగర్ మెకానిక్కులు, కైకలూరు వైపు చేపల చెరువుల్లో నడుంలోతు నీళ్లలో దిగేవాళ్లు, కంకిపాడు నుంచి బస్సెక్కి వచ్చే నాట్ల కూలీలు. బెజవాడ ఉక్కకి తామర రాకపోతేనే ఆశ్చర్యం. అవతలివాడు చొక్కా ఎత్తకముందే నా చెయ్యి అరమీదికి పోతుంది.

నా నడుం విషయంలోనూ అదే అరమీదికి పోయింది. మూడు మందులు కలిసిన ట్యూబు. ఒకటి ఫంగస్‌కి, ఒకటి సూక్ష్మజీవులకి, మూడోది స్టెరాయిడ్. మొదటిది పని చేస్తోందో లేదో తెలియాలంటే వారాలు పడుతుంది. మూడోది మూడోరోజుకే ఎరుపు లాగేస్తుంది, దురద ఆపేస్తుంది. అందుకే జనం దాన్ని పేరు పెట్టి అడుగుతారు. నాకూ నాలుగో రోజుకి మచ్చ మాయమైంది. నెల తిరిగేసరికి అదే చోట మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాను. పోయింది. ఈసారి పక్కన ఇంకోటి తెచ్చుకుని వచ్చింది.

ఇలా ఆరేళ్లు. ఒక మచ్చ నాలుగైంది. తొడలమీదికి, పిరుదులమీదికి, చంకల కిందికి పాకింది. ముఖం మీద, చేతుల మీద ఒక్కటి లేదు. చొక్కా, లుంగీ కప్పే మేర మాత్రమే. కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి అదొక సౌకర్యం, ఎవరికీ కనపడదు. ఇంట్లో మాత్రం యుద్ధం. తామర అంటుకుంటుందని నా తువ్వాలు వేరు, సబ్బు వేరు, లుంగీలు వేడినీళ్లలో ఉడకబెట్టడం. అత్తగారు చెప్పిన పథ్యం: వంకాయ బంద్, గోంగూర బంద్, ఎండుచేపల వాసన కూడా బంద్. ఆదివారాలు బీరకాయతో గడిపాను. ఆయుర్వేదం మిత్రుడొకాయన వన్‌టౌన్ పచారీ కొట్టు నుంచి బావంచాలు తెప్పించి నూరి రాయమన్నాడు. రాసుకుని డాబా మీద ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కింది. ఆ బావంచాల సంగతి తర్వాత చెబుతాను, అందులో ఒక తమాషా ఉంది.

2022 సెప్టెంబర్‌లో మా ఎదురు సందులో ఒక అమ్మాయి చర్మవ్యాధుల క్లినిక్ పెట్టింది. ఆమె రాసే చీటీలు మా షాపుకే వచ్చేవి. చీటీల్లో మూడు మందుల ట్యూబు ఎప్పుడూ ఉండేది కాదు. ఒకరోజు మాటల్లో, "అమ్మా, తామరకి మీరు ఒట్టి ఫంగస్ మందే రాస్తారు, జనానికి ఓపిక ఉంటుందా? నేనే ఆరేళ్లుగా ఫలానా ట్యూబుతో నెట్టుకొస్తున్నా" అన్నాను, గొప్పగానే. ఆమె నవ్వలేదు. "ఆరేళ్లా? ఒకే చోటా? అంకుల్, సాయంత్రం ఏడు తర్వాత రండి, ఫీజు వద్దు" అంది.

వెళ్లాను. బనీను కూడా తీయమంది. సిగ్గుపడ్డాను. మనకి డాక్టరు దగ్గరా సిగ్గే. చేయి చాపి, కాలు చాపి చూపిస్తాం, మిగతాది నోటితో చెబుతాం. ఆ అమ్మాయి ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి తల నుంచి అరికాలి దాకా చూసింది. చంకల్లో, మెడకింద, గజ్జల్లో బిళ్లలున్నాయేమోనని వేళ్లతో తడిమింది. మచ్చని రెండు వేళ్ల మధ్య మెల్లిగా నొక్కితే పైచర్మం సిగరెట్ కాగితంలా సన్నగా ముడతలు పడింది. పొలుసు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో పెట్టింది. ఫంగస్ పోగులు ఒక్కటీ లేవు. తర్వాత దూది పురి తిప్పి, నన్ను కళ్లు మూసుకోమని, మచ్చ మీద తాకించి "తెలుస్తోందా?" అని అడిగింది. మోచేతుల దగ్గర నరాలు పట్టి చూసింది.

ఆ దూది ఎందుకో నాకు తెలుసు. చిన్నప్పుడు మొవ్వ దగ్గర మా ఊళ్లో ఆ జబ్బుని పేరు పెట్టి అనేవాళ్లు కాదు, పెద్దరోగం అనేవాళ్లు. ఊరి చివర రావిచెట్టు కింద ఒంటరిగా ఒక పాక ఉండేది. కళ్లు మూసుకుని ఉన్న ఆ అర నిమిషం నాకు ఆ పాకే కనపడింది. స్పర్శ ఉంది. అన్నిచోట్లా ఉంది. "కుష్ఠు కాదు, అయినా అదైతే ఏడాదిలో మందులతో పోయేది అంకుల్" అంది. ఆ వాక్యంలోని రెండో సగం నా చెవికెక్కలేదు అప్పుడు.

నాలుగు వారాలు ఏ ట్యూబూ రాయొద్దంది. ఎందుకన్నాను. "మీరు రాస్తున్నది మచ్చని కాస్త తగ్గిస్తుంది, కాస్త మార్చేస్తుంది. ఇప్పుడు ముక్క తీస్తే ల్యాబు వాళ్లకి ఏమీ దొరకదు" అంది. ఆరేళ్లలో మొదటిసారి మచ్చ ఉండగా ట్యూబు మానేశాను. రెండో వారానికి ఒళ్లంతా వికసించింది. నాలుగు అనుకున్న మచ్చలు పధ్నాలుగు.

పెన్సిల్ లావు పంచ్‌తో, మత్తు సూది ఇచ్చి, రెండు చోట్ల ముక్క తీసింది. ఒక్కో చోట ఒక్కో కుట్టు. ఆరోజే షాపులో కూర్చున్నాను, అంత చిన్న పని. వారానికి రిపోర్టు: దీర్ఘకాలిక చర్మశోథ, ప్రత్యేకంగా ఏమీ లేదు. నాకు ఎంత తేలికపడిందో. ఆమె మొహంలో మాత్రం తేలిక లేదు. ల్యాబు పెద్దాయనకి ఫోన్ చేసి నా ముందే పావుగంట మాట్లాడింది. ఎక్కడెక్కడ మచ్చలున్నాయి, ఎన్నేళ్లు, ఎంత స్టెరాయిడ్ పడింది, అన్నీ చెప్పింది. "మీకు ఆ ముక్క మాత్రమే కనిపిస్తుంది సార్, మనిషి కనిపించడు కదా" అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. నెల తర్వాత మళ్లీ రెండు ముక్కలు, ఈసారి పాత, కొత్త మచ్చలు ఏరి మరీ.

ఈసారి ఆయనే ఆమెకి ఫోన్ చేశారు. పైపొరలోకి చొరబడి వరుసగా కూర్చున్న లింఫోసైట్లు అనే తెల్లకణాలు కనపడ్డాయని, ఇంకా లోతు పరీక్షలు కావాలని. బెజవాడలో పెద్ద జబ్బు పేరు వినపడగానే వెల్లూరు ఆసుపత్రికని కాట్పాడి టికెట్ చూడటం మనకి అలవాటు. నేనూ ఫోన్ తీశాను. "మీరు వెళ్లక్కర్లేదు అంకుల్, దిమ్మ వెళ్తే చాలు" అంది. ముక్కని మైనంలో పోతపోసి దిమ్మలా దాచి ఉంచుతారట. అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ మైనపు దిమ్మ కొరియర్‌లో హైదరాబాద్ వెళ్లింది. నా జాతకం రూ.120 పార్సిల్.

డిసెంబర్ మూడో వారంలో రిపోర్టు వచ్చింది. మైకోసిస్ ఫంగాయిడిస్.

ఇక్కడ నా చదువు నన్ను ఎలా మోసం చేసిందో చెప్పాలి. మందుల వ్యాపారంలో మైకోసిస్ అంటే ఫంగస్ జబ్బు. ఫంగాయిడిస్ అంటే ఇంకా ఫంగస్. ఒకే పేరులో రెండుసార్లు. "నేను చెప్పలా అమ్మా, తామరే!" అని అరిచినంత పని చేశాను. ఆమె ఆ రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని, కింద ఉన్న గీత చూపించింది: చర్మపు టీ-కణ లింఫోమా. చర్మంలో మొదలయ్యే ఒక క్యాన్సర్.

మైకోసిస్ ఫంగాయిడిస్ అన్న పేరు పెట్టినాయన ఫ్రెంచి వైద్యుడు అలిబెర్. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో 1806లో ఒక రోగిని చూశాడు. జబ్బు ముదిరి ఒంటిమీద పుట్టగొడుగుల్లా కణుతులు లేచాయి. ఆ ఆకారాన్ని బట్టి పేరు పెట్టాడు, ఇప్పుడున్న పేరు 1832లో స్థిరపరిచాడు. ఫంగస్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ముదిరిన చివరి రూపం చూసి పెట్టిన పేరు కాబట్టి మొదటి దశలో ఎవరికీ అక్కరకు రాదు, నాలాంటివాణ్ణి తప్పుదారి పట్టించడానికి తప్ప. రెండు శతాబ్దాలుగా ఆ పేరు మార్చకుండా ఉంచుకున్న వైద్యలోకం మీద నాకు కొంచెం కోపం ఉంది.

జబ్బేమిటో ఆమె నాకు చెప్పిన తీరు మాత్రం బాగుంది. ఆమెది చల్లపల్లి. "మన కాలవల మీద లస్కర్లు ఉంటారు కదా అంకుల్. గట్టు వెంట తిరిగి, గండి పడితే చూసి, పనయ్యాక వెళ్లిపోతారు. టీ-కణాలు అలాంటివే. చర్మంలోకి వస్తాయి, చూస్తాయి, పోతాయి. మీ ఒంట్లో ఒక లస్కరు వెళ్లకుండా గట్టుమీదే గుడిసె వేశాడు. వాడి పిల్లలు, మనవలు అక్కడే గుడిసెలేశారు." మరి మామూలు వాపులోనూ టీ-కణాలు గుంపులుగా ఉంటాయి కదా, తేడా ఎలా తెలుస్తుందన్నాను. "మామూలు గుంపులో ఇంటిపేర్లు పది రకాలుంటాయి. మీ దిమ్మలో జన్యుపరీక్ష చేస్తే అందరిదీ ఒకటే ఇంటిపేరు" అంది. తర్వాత సీడీ3, సీడీ4, సీడీ7 అని రంగుల పరీక్షల గురించి కూడా చెప్పింది. ఉండాల్సిన సీడీ7 గుర్తు ఆ కణాలు పోగొట్టుకున్నాయట. నాకు ఇంటిపేరు దగ్గరే అర్థమైపోయింది.

నా అరచేతిని, వేళ్లతో సహా, కాగితం మీద పెట్టి గీసింది. మనిషి అరచెయ్యి వాడి ఒంట్లో దాదాపు ఒక శాతమట. మచ్చలన్నీ కలిపితే పన్నెండు అరచేతులు. పదికి లోపైతే దశ 1ఏ, పది దాటితే 1బీ. రక్తంలో ఆ కణాలు లేవు, బిళ్లలు లేవు. రెండేళ్లకో మూడేళ్లకో ముందు, నాలుగైదు అరచేతులున్నప్పుడు వచ్చి ఉంటే 1ఏ అయ్యేది. ఆ గీతకి ఇవతలే ఆగి ఉండాల్సినవాణ్ణి. ఆ గీత దాటించింది నా అరలోని ట్యూబే.

ఆరోజు రాత్రి మా ఆవిడకి చెప్పాను. క్యాన్సర్ అన్నమాట విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "అంటుకుంటుందా అండీ?" అని. అంటుకోదన్నాను. లేచి వెళ్లి, ఆరేళ్లుగా పెరటి దండెం మీద విడిగా ఆరేస్తున్న నా తువ్వాలు తెచ్చి అందరి తువ్వాళ్ల మధ్య వేసింది. "తిండికి పథ్యం ఉందా?" లేదన్నాను. క్యాన్సర్ అని తెలిసిన ఆ రాత్రి మా ఇంట్లో గుత్తివంకాయ కూర.

భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఇది నిజంగా అరుదైన జబ్బు. అమెరికాలో లెక్క ప్రకారం ఏడాదికి పది లక్షల మందిలో ఐదారుగురికి కొత్తగా వస్తుంది. ఆడవాళ్ల కంటే మగవాళ్లలో, యాభై దాటాక ఎక్కువ. చర్మంలోనే మొదలయ్యే లింఫోమాల్లో సగం దాకా ఇదే. చాలా నెమ్మదైనది. కొద్దిమందిలో మాత్రం మచ్చలు దళసరెక్కి, కణుతులై, జబ్బు బిళ్లల్లోకి, రక్తంలోకి పోతుంది. మొదటి దశలో దొరికినవాళ్లలో ఎక్కువమంది దీనితో కాక, వయసు మీరి ఇంకేదో కారణంతో పోతారు. మీ ఒంటి మీద గుండ్రటి మచ్చ ఉంటే అది తామర అవడానికే అవకాశం చాలా చాలా ఎక్కువ. ముక్క పరీక్ష చేయమని రేపు పొద్దున్నే ఎవరి మీదా పడకండి.

కానీ ఆలస్యం సంగతి చూడండి. ఎక్కువగా యూరప్‌లోని మంచి ఆసుపత్రుల్లో, మొదటి దశ రోగుల్ని వరుసగా నమోదు చేసి చూసిన పెద్ద అధ్యయనంలో, మచ్చ కనపడిన నాటినుంచి జబ్బు పేరు తేలడానికి సగంమందికి మూడేళ్లో, అంతకు మించో పట్టింది. అక్కడ చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబు కొనుక్కోవడం ఇక్కడంత సులువు కాదు. మచ్చ చూపించడానికి రాజమండ్రి నుంచో నాగాయలంక నుంచో రావాల్సిన పనీ లేదు. అయినా మూడేళ్లు. మన దగ్గర ఎవరూ లెక్క కట్టినట్టు నాకు కనపడలేదు. నా ఆరేళ్లు మాత్రం నా దగ్గరున్నాయి, బిల్లులతో సహా. స్టాకు పుస్తకంలో "సొంత వాడకం" కింద రాసినవి జబ్బు తెలిశాక కూర్చుని కూడాను. నలభై మూడు ట్యూబులు.

ఇందులో ఒక వింత ఉంది, న్యాయంగా చెప్పాలి. బలమైన స్టెరాయిడ్ పూత ఈ జబ్బుకి మొదటి దశలో సరైన మందే. నాకూ ఇప్పుడు రెండు మచ్చలకి అదే రాశారు. మరి నేను చేసిన తప్పేమిటి? జబ్బు పేరు తెలియకుండా, లెక్క లేకుండా, తగ్గగానే ఆపి, రాగానే మొదలెట్టి వాడాను. మచ్చ పూర్తిగా పోయేంత వాడలేదు, డాక్టరుకి పనికొచ్చేంత మిగల్చనూ లేదు. సాక్షిని రోజూ మేపుతూ నోరు నొక్కినట్టు.

2023 జనవరి నుంచి వెలుగు చికిత్స. నిలువు బీరువా లాంటి పెట్టె. లోపల చుట్టూ నిలువు ట్యూబ్‌లైట్లు. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. నల్లద్దాలు పెట్టుకుని, మర్మస్థానం కప్పుకుని వారానికి మూడుసార్లు నిలబడాలి. మొదటిరోజు కొన్ని సెకన్లే, మెల్లగా పెంచుకుంటూ పోతారు. మే నెలలో తారు కరిగే బెజవాడ రోడ్ల మీద సైకిలు తొక్కినవాడికి కృత్రిమ ఎండ కొనుక్కోవడం నవ్వొచ్చింది. అయితే ఆ ఎండ ముఖానికి, చేతులకే తగిలింది కదా. ఈ జబ్బు ఎక్కువగా ఎండ తగలని చోటే కాపురం పెడుతుంది. అలాగని డాబా మీద పడుకోకండి. ఏ కిరణం ఎంతసేపు అన్నదే వైద్యం, మిగతాది బొబ్బలు. బావంచాలు అన్నాను కదా, అదే ఆ తమాషా. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. చర్మాన్ని వెలుగుకి లొంగదీస్తుంది. ఆ జాతి మందునే మాత్రగా ఇచ్చి, ఇంకో రకం అతినీలలోహిత కాంతి కింద నిలబెట్టే చికిత్స 1970ల నుంచి ఈ లింఫోమాకి ఉంది. మా ఆయుర్వేద మిత్రుడు తెలియకుండానే సగం దారి వచ్చాడు. కొలత లేని సగం.

వెలుగు పని చేయకపోతే తర్వాత ఏమిటని అడిగితే ఆమె చెప్పిన మొదటి పేరు మెథోట్రెక్సేట్. ముప్పై ఏళ్లుగా నేను అమ్మే మాత్ర. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి రాస్తారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. అందుకే స్ట్రిప్పు మీద ఎర్ర సిరాతో "వారానికి ఒక్కసారి" అని రాసి, ఏ రోజో కూడా చెప్పించుకుని గానీ ఇవ్వను. ఆ మందుని తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1995లో ఆయన శతజయంతికి వచ్చిన తపాలా బిళ్లని నేను కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాను. రోజూ చిల్లర దాని మీదే లెక్కపెడతాను. నాకు ఇంకా ఆ మాత్ర అవసరం పడలేదు. మే నెలాఖరుకి మచ్చలు చాలావరకు పోయాయి. రెండు మొండివి మిగిలాయి. ఇది పూర్తిగా పోయిందని ఎవరూ చెప్పరు. ఆర్నెల్లకోసారి బనీను తీసి నిలబడాలి, బతికినన్నాళ్లూ.

ఇప్పుడు నా వ్యాపారం సంగతి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. దేశంలో చర్మవైద్యులు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన నిబంధన అది. ఆ ఉత్తర్వు మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. చదివాను. మర్నాడు పొద్దున్న పది గంటలకి చీటీ లేకుండా మొదటి ట్యూబు అమ్మాను. "నేనివ్వకపోతే పక్కోడిస్తాడు" అనేది మా వ్యాపారంలో గాయత్రీ మంత్రం. పక్కవాడూ అదే జపిస్తాడు. ఆ మంత్రం మీద నమ్మకం పోవడానికి నా నడుం కావాల్సొచ్చింది.

నిబంధన ఒక్కటే చాలదని లోపలివాడిగా చెబుతున్నాను. షెడ్యూల్ హెచ్ మందుకి మేం విడిగా రిజిస్టరు పెట్టక్కర్లేదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 వేరు. అందులోని యాంటీబయాటిక్కులు, క్షయ మందులు, మత్తు మాత్రలు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చాం అన్నీ విడి పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. ఇన్‌స్పెక్టరు వస్తే ముందు అడిగేది ఆ పుస్తకమే. అందుకే ఆ మందుల దగ్గర మా చెయ్యి వణుకుతుంది. బలమైన స్టెరాయిడ్ పూతల్ని, ముఖ్యంగా మూడేసి మందులు కలిపినవాటిని, హెచ్1లోకి మార్చండి. పుస్తకంలో రాయాల్సి వస్తే సగం అమ్మకం అక్కడే ఆగిపోతుంది. మా సంఘంలో నన్ను తిట్టేవాళ్లుంటారు. తిట్టనివ్వండి.

"పేదవాడు ఐదొందల ఫీజు ఎక్కడ తెస్తాడు" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో నానిపోయింది. నీళ్లు తీశాక మా షాపు ముందు వరసలు. కాలివేళ్ల సందులు పుండ్లైనవాళ్లు, గజ్జలు ఒరుసుకుపోయినవాళ్లు. అందరూ వేలు చూపించి అడిగింది అదే ట్యూబు. ఒట్టి ఫంగస్ మందు ఇచ్చి, రెండు పూటలా రాయమన్నాను, మచ్చ పోయినా ఇంకో రెండు వారాలు మానొద్దన్నాను. అది చవక కూడా. కొందరు విసుక్కుని పక్క షాపుకి వెళ్లారు. తగ్గనివాళ్లని పెద్దాసుపత్రి చర్మం ఓపీకి పొమ్మన్నాను. అక్కడ ఫీజు లేదు. సాయంత్రాలు మా ఎదురు సందులో అమ్మాయి కొంతమందిని ఊరికే చూసింది.

ఇంకొక సంగతి ప్రభుత్వం చెవిన వేయాలి. కుష్ఠు కోసం ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మచ్చలు వెతుకుతారు. 2016 నుంచి దానికి ప్రత్యేక కార్యక్రమమే ఉంది. చాలా మంచి పని. మచ్చ దొరుకుతుంది, స్పర్శ చూస్తారు. స్పర్శ లేకపోతే చికిత్స. ఉంటే? "ఏం లేదులే" అని ఇంటికి పంపేస్తారు. మన రంగు చర్మంలో ఈ లింఫోమా కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువాళ్లకి, ఎరుపుగా కాకుండా తెల్లమచ్చలుగా వస్తుంది. బొల్లి అనుకుంటారు, శోభి అనుకుంటారు, కుష్ఠు అనుకుంటారు. స్పర్శ బాగానే ఉంటుంది. అంటే ఇంటిదాకా వచ్చి, మచ్చని కళ్లారా చూసి, వదిలేసి పోతున్నాం. ఆ ఆశా అమ్మాయి చేతిలోని కాగితంలో ఇంకొక్క గడి చాలు: స్పర్శ ఉంది, ఆర్నెల్లుగా తగ్గడం లేదు, చర్మవైద్యుడికి చూపాలి. జిల్లా ఆసుపత్రిలో నెలకొకసారి చర్మం డాక్టరూ ముక్కలు చదివే డాక్టరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తేలని కేసుల్ని చూసే ఏర్పాటుంటే ఇంకా మంచిది. నా రెండో రిపోర్టు తేలింది ఆ పావుగంట ఫోన్ వల్లే. కొత్త యంత్రం కొనక్కర్లేని పని అది.

చదువుతున్న మీకు ఒక మాట. ట్యూబు రాస్తే పోయి, మానేస్తే అదే చోట తిరిగొచ్చే మచ్చ ఉంటే, అది బట్ట కింద ఉంటే, ఏడాది దాటితే, ఇంకో ట్యూబు కొనకండి. వెళ్లి చూపించండి. వాడిన ట్యూబుల ఖాళీ తొడుగులు సంచిలో వేసుకుని మరీ వెళ్లండి, డాక్టరుకి అవి సగం కథ చెబుతాయి. చొక్కా తీయమంటే తీయండి. ముక్క తీద్దామంటే ఒకటికి రెండుసార్లైనా తీయించుకోండి. మొదటి రిపోర్టులో ఏమీ లేదంటే అప్పుడే సంబరపడకండి, నేను పడ్డాను.

నా షాపులో ఆ ట్యూబుల అర ఇప్పుడు గాజు తలుపు వెనక, తాళంలో ఉంది. చట్టం అడగకపోయినా నేనే ఒక నోటుపుస్తకం పెట్టాను. చీటీ ఉంటేనే తాళం తీస్తాను. నెలకి నాలుగు వేల దాకా అమ్మకం తగ్గింది.